మరుగునపడ్డ తెలుగు సినిమాను పదిమందికీ చూపించడం ఎలా

పాత సినిమా ఒకటి బాగుంటుందని చెబితే తలూపేవాళ్లు చాలామంది. వాళ్లలో చూసేవాళ్లు కొందరే. మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకే ఆపేసేవాళ్లు ఇంకా ఎక్కువ. చాలాసార్లు ఆ తప్పు సినిమాది కాదు. అడ్డంగా సాగిపోయిన బొమ్మ, పాటలు కోసేసిన కాపీ, ఒక పక్క స్పీకర్‌లోంచే వచ్చే మాట, ఏ తరహా సినిమా చూడబోతున్నామో ముందు ఎవరూ చెప్పకపోవడం, ఇవి కలిసి మంచి సినిమాను చంపేస్తాయి. ఇష్టమైన సినిమా పేరు చెప్పినంత మాత్రాన పంచుకున్నట్టు కాదు. సరైన ప్రింటు వెతికి, సరైన వేళకు, సరైన వరుసలో, రెండు ముక్కలు చెప్పి చూపించాలి. ఎనిమిది పది మంది స్నేహితులు నెలకొక సినిమా చూద్దామనుకుంటే ఏమేం చేయాలో, ఎక్కడ తేడా కొడుతుందో కింద రాశాం.

సినిమా ఎంపిక

మరుగునపడటం ఒక్కో సినిమాకు ఒక్కో రకంగా జరుగుతుంది. ఏ కారణంతో మరుగునపడిందో తెలిస్తే ఎవరికి ఎలా చూపించాలో తెలుస్తుంది.

ఒక రకం, పెద్ద హీరో మిగతా విజయాల నీడలో పడిపోయినవి. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1968లో వచ్చిన 'సుడిగుండాలు' అలాంటిది. అక్కినేని నాగేశ్వరరావు, ఆదుర్తి కలిసి చక్రవర్తి చిత్ర పతాకం మీద లాభాపేక్ష లేకుండా తీశారు. అక్కినేని ఇందులో డ్యూయెట్లు పాడే హీరో కాదు, న్యాయమూర్తి. ప్రేమ కథల అక్కినేని కోసం వచ్చినవాళ్లు నిరాశపడతారు, ఆ సంగతి ముందే చెబితే పడరు.

రెండో రకం, పాటలు మాత్రం మిగిలి సినిమా మరుపున పడ్డవి. 'పగలే వెన్నెల' వినని తెలుగువాళ్లు తక్కువ. అది బి.ఎన్. రెడ్డి తీసిన 'పూజాఫలం' (1964) లోదని తెలిసినవాళ్లు కొందరే, సినిమా మొత్తం చూసినవాళ్లు మరీ కొందరు. ఇలాంటివి కొత్తగా మొదలుపెట్టే బృందానికి చక్కగా సరిపోతాయి. తెలిసిన పాట ఒకటి రాబోతోందంటే మనిషి ఓపికగా కూర్చుంటాడు.

మూడోది అవార్డు వచ్చి థియేటర్ దొరకనివి, లేదా దొరికినా వారం నిలవనివి. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977), శారదకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన బి.ఎస్. నారాయణ 'నిమజ్జనం', అర్చనకు అదే పురస్కారం తెచ్చిన బి. నర్సింగరావు 'దాసి' (1988) ఈ వరుసలోవి. వీటిని మొదటి నెలలో చూపించకండి. ఆ మాట మళ్లీ వస్తుంది.

ఇక ఇటీవలివి. ఇవి పాతవాటికన్నా వేగంగా మాయమవుతున్నాయి. రెండు ముఖ్య పాత్రలతోనే నడిచే నీలకంఠ 'షో' (2002), చలం 'దోషగుణం' కథను మోహనకృష్ణ ఇంద్రగంటి తెరకెక్కించిన 'గ్రహణం' (2004), కూచిపూడి నేర్చుకోవాలనుకునే పల్లెటూరి పిల్ల కథ 'వనజ' (2006) వచ్చి పాతికేళ్లు కూడా కాలేదు. ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లను అడిగి చూడండి, పేరు కూడా విని ఉండరు.

ఎంపికకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ప్రతి మనిషీ మూడు పేర్లు ఇవ్వాలి: తనకు బాగా ఇష్టమైనది ఒకటి, బృందంలో ఎవరూ చూసి ఉండరని తను నమ్మేది ఒకటి, తను చూడాలనుకుని చూడలేకపోయినది ఒకటి. ఓట్లు పెట్టకండి. ఓట్లు పెడితే ప్రతిసారీ అందరికీ తెలిసిన సినిమాయే గెలుస్తుంది, మరుగునపడ్డది మరుగునే ఉంటుంది. వంతుల ప్రకారం నెలకొకరు తన రెండో పేరులోంచి చూపించాలి, ప్రింటు బాధ్యత కూడా ఆ మనిషిదే.

పేరు ఒక్కటే చాలదు

తెలుగులో ఒకే పేరుతో సినిమాలు బోలెడు. 'దేవత' అంటే 1941లో బి.ఎన్. రెడ్డి తీసినదా, ఎన్టీఆర్, సావిత్రి నటించిన 1965 నాటిదా, శోభన్‌బాబు, శ్రీదేవిల 1982 నాటిదా? 'మల్లీశ్వరి' 1951లో ఒకటి, 2004లో ఒకటి. 'మిస్సమ్మ' 1955లో, 2003లో. పేరు, సంవత్సరం, దర్శకుడు, ఈ మూడూ కలిపి రాసే అలవాటు మొదటి రోజునుంచే పెట్టుకోండి.

సంవత్సరం దగ్గర ఒక చిక్కు ఉంది. సెన్సారు అయిన ఏడు, విడుదలైన ఏడు వేరు కావచ్చు. 'మా భూమి' కొన్నిచోట్ల 1979 అని, కొన్నిచోట్ల 1980 అని కనిపించేది అందుకే. జాబితాలో రెండూ రాసి పెడితే తర్వాత వాదన ఉండదు.

పేరును బట్టి కథను ఊహించడం కూడా ప్రమాదమే. గుత్తా రామినీడు దర్శకత్వంలో సావిత్రి నర్సుగా నటించిన 'చివరకు మిగిలేది' (1960) బుచ్చిబాబు నవలకు తెర రూపం కాదు. దానికి మూలం బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్'. నవల అభిమానుల్ని ఆ ఆశతో పిలిస్తే వాళ్లు చివరిదాకా నవలను వెతుక్కుంటూనే ఉంటారు, ఎదురుగా ఉన్న సావిత్రిని చూడరు.

రెండు భాషల్లో తీసినవాటిలో ఏ భాషది చూస్తున్నారో సరిచూసుకోండి. శ్యామ్ బెనగల్ 'అనుగ్రహం' (1978) హిందీలో 'కొండూర'. వెతికితే హిందీది ముందు ఎదురయ్యే అవకాశం ఉంది.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పేరును తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో ఒకసారి వెతకండి. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కించినవాళ్లు తోచినట్టు రాస్తారు. అప్పటికీ దొరక్కపోతే హీరో పేరు, హీరోయిన్ పేరు, అందులోని పాట మొదటి మాట కలిపి వెతకండి. యూట్యూబ్‌లో నిడివి వడపోతను 'ఇరవై నిమిషాల పైన' అని పెడితే పాటల ముక్కలు తొలగిపోతాయి. బయట కనిపించే బొమ్మను నమ్మకండి, లోపల టైటిల్స్ వచ్చేదాకా చూసి ఖాయం చేసుకోండి.

ప్రింటు పరీక్ష

సినిమా దొరికింది కదా అని వెంటనే అందరికీ పంపేయకండి. అరగంట వెచ్చించి ప్రింటును పరీక్షించాలి. ఈ అరగంట పెట్టనివాళ్ల సిఫార్సులను తర్వాత ఎవరూ లెక్కచేయరు.

ముందు నిడివి చూడండి. సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర ఆపితే రీళ్ల సంఖ్య, పొడవు కనిపిస్తాయి. పాతవాటిలో అడుగుల్లో, తర్వాతివాటిలో మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు, అంటే 27.4 మీటర్లు నడుస్తుంది. సర్టిఫికెట్‌లో 4,500 మీటర్లని ఉంటే దాన్ని 27.4తో భాగించండి, 164 నిమిషాలు వస్తుంది. 16,200 అడుగులని ఉంటే 90తో భాగిస్తే సరిగ్గా మూడు గంటలు.

ఇప్పుడు మీ దగ్గరున్న ఫైలు నిడివితో పోల్చండి. 164 ఉండాల్సింది 157 లేదా 158 ఉంటే కంగారుపడనక్కర్లేదు. మన టీవీ, వీసీడీ, డీవీడీలు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాను అందులో నడిపితే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, ఏమీ కోయకపోయినా ఏడు నిమిషాలకు దగ్గరగా తగ్గుతుంది. అదే 148 ఉంటే మాత్రం కోత పడినట్టే. వెయ్యి అడుగుల రీలు ఒకటి సుమారు 11 నిమిషాలు. అంతమేరకు కథలో ఒకేచోట ఎగిరి దూకినట్టుంటే రీలే పోయింది. మూడు నాలుగు నిమిషాల చొప్పున అక్కడక్కడా తగ్గితే పాటలు పోయాయి.

పాటలు పోవడానికి ఎక్కువగా వీసీడీలు కారణం. ఒక్కో వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. మూడు గంటల సినిమాను రెండు డిస్కుల్లో ఇరికించాలంటే ఏదో ఒకటి కోయాల్సిందే, ముందు కత్తెర పడేది పాటలకూ హాస్యానికీ. ఇప్పుడు నెట్‌లో ఉన్న పాత సినిమాల్లో చాలావాటికి ఆ వీసీడీలే తల్లి. ఏ పాటలు ఉండాలో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాన్ని మించిన ఆధారం లేదు. అందులో కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, పాటలు వరుసగా ఉంటాయి. పాత పుస్తకాల షాపుల్లో, సేకరించేవాళ్ల దగ్గర దొరుకుతాయి. చివర 'శుభం' కార్డు ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే ఆఖరి నిమిషాలు ఎక్కడో తెగి ఉండొచ్చు.

వేగం పెరిగిన ప్రింటులో శ్రుతి కూడా పెరుగుతుంది, ఒక స్వరస్థానంలో ముప్పాతికకు కాస్త తక్కువ. ఘంటసాల గొంతు సన్నబడినట్టు, భానుమతి తొందరపడి పాడినట్టు అనిపిస్తుంది. పాటలు బాగా తెలిసినవాళ్లు ఏదో తేడాగా ఉందంటారు, ఎందుకో చెప్పలేరు. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96కు దించి, ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ తీసేస్తే వేగం, శ్రుతి రెండూ దారికొస్తాయి. టైమ్ స్ట్రెచింగ్ తీయకపోతే వేగం మాత్రమే తగ్గుతుంది.

తర్వాత బొమ్మ ఆకారం. పాత నలుపు తెలుపు సినిమాలు దాదాపు 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) చట్రంలో తీసినవి. వాటిని వెడల్పు టీవీకి నింపాలని 16:9కి సాగదీస్తే ముఖాలు మూడో వంతు వెడల్పవుతాయి. గోడగడియారం, బండిచక్రం, నుదుటి బొట్టు కనిపించేచోట ఆపండి. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా పడుకుని ఉంటే బొమ్మ సాగినట్టే. ఇది నయమయ్యే జబ్బే. వీఎల్‌సీలో ఇంగ్లిషు 'ఏ' అక్షరం మీట నొక్కుతూ పోతే ఆకారాలు మారతాయి, 4:3 దగ్గర ఆపండి. టీవీలో అయితే పిక్చర్ సైజు సెట్టింగులో ఉంటుంది. పక్కన నల్లటి పట్టీలు వస్తాయి, ఎవరైనా తెర నిండలేదని అంటే అవి ఉండాల్సినవేనని చెప్పండి.

సాగదీయకుండా పైనా కిందా కోసి 16:9 చేసినవి ఇంకా చెడ్డవి. ఎత్తులో నాలుగో వంతు దాకా పోతుంది, మళ్లీ రాదు. దగ్గర షాట్లలో నుదుళ్లు తెగిపోయి ఉంటే, నాట్యంలో పాదాలు కనిపించకపోతే ఆ ప్రింటు వదిలేయండి. ఇలాంటివి 'హెచ్‌డీ' అనే పేరుతోనే ఎక్కువ తిరుగుతుంటాయి. అక్షరాల స్పష్టత చూసి మోసపోకండి. మసగ్గా ఉన్నా చట్రం పూర్తిగా ఉన్న ప్రింటే మేలు.

సినిమాస్కోప్ (బాగా వెడల్పైన తెర) చిత్రాలకు దీనికి ఎదురు సమస్య. తెలుగులో తొలి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు' (1974). ఆ తర్వాతి కాలపు స్కోప్ సినిమాల్ని పాత టీవీ చట్రంలోకి కుదించినప్పుడు పక్కలు కోసేశారు. 2.35:1 చట్రంలోంచి 4:3 ముక్క తీస్తే మిగిలేది నూటికి 57 వంతులు. టైటిల్స్‌లో పేర్ల మొదటి, చివరి అక్షరాలు తెగి ఉండటం ఒక గుర్తు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు మాత్రమే కనిపించడం ఇంకో గుర్తు. కొన్ని ప్రింట్లలో టైటిల్స్ వరకు పూర్తి వెడల్పు ఉంచి ఆ తర్వాత కోస్తారు, కనుక సినిమా మధ్యలోనూ చూడాలి. బొమ్మలోని అందం మీద ఆధారపడ్డ సినిమా అయితే ఇలాంటి ప్రింటుతో చూపించడంకన్నా మంచిది దొరికేదాకా ఆగడమే నయం. కథ, మాటల మీద నడిచేదైతే సర్దుకోవచ్చు.

రంగుల సంగతి. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన తొలి చిత్రం 'లవకుశ' (1963). అంతకుముందరి తెలుగు సినిమా మొత్తం రంగుల్లో కనిపిస్తే తర్వాత ఎవరో రంగులద్దారన్నమాట (కొన్నింటిలో ఒకటి రెండు పాటలు మాత్రం అప్పుడే రంగుల్లో తీశారు). మొదటిసారి చూసేవాళ్లకు నలుపు తెలుపుదే చూపించండి. వెలుగునీడలు కట్టింది ఆ రెంటితోనే.

చివరగా పైట చూడండి. ఆడవాళ్లందరికీ పైట కుడి భుజం మీద ఉంటే, గోడమీది అక్షరాలు తిరగబడి ఉంటే, హక్కుల తనిఖీకి దొరక్కుండా బొమ్మను అద్దంలోలా తిప్పి ఎక్కించారని అర్థం. అలాంటిదాన్ని ముట్టుకోకండి.

హక్కులు

మన దేశంలో సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు. 1964లో వచ్చిన 'పూజాఫలం' సినిమా మీది హక్కు 2024 డిసెంబర్ 31తో ముగిసింది. దానికి మూలమైన నవల హక్కు వేరు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్లు ఉంటుంది. 'పూజాఫలం'కు ఆధారమైన నవల రాసిన మునిపల్లె రాజు 2018లో మరణించారు. అంటే పాత సినిమాను చూపించడం వేరు, అదే కథను మళ్లీ నాటకంగా ఆడించడం వేరు.

ఇంట్లో నలుగురు స్నేహితులతో కూర్చుని చూడటం దాటి అపార్ట్‌మెంట్ హాలు, గ్రంథాలయం, కాలేజీ దాకా వెళితే హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఓటీటీ చందా ఇంటి వాడకానికి ఇచ్చేది, హాల్లో చూపించడానికి పనికిరాదు. ఉత్తరంలో సినిమా పేరు, తేదీ, చోటు, కుర్చీలెన్ని, టికెట్ ఉందా లేదా, ఏ కాపీ నుంచి చూపిస్తారు అన్నవి స్పష్టంగా రాయండి. పాత నిర్మాతల వారసులు, చిన్న సినిమాల దర్శకులు ఉచిత ప్రదర్శనకు ఒప్పుకోవడం అరుదేమీ కాదు. కొందరు తమ దగ్గరున్న మంచి కాపీ కూడా ఇస్తారు. నెలనెలా చేసే ఉద్దేశం ఉంటే ఫిల్మ్ సొసైటీగా నమోదై, 1959లో సత్యజిత్ రాయ్ తొలి అధ్యక్షుడిగా మొదలైన ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్‌లో చేరడం మంచి దారి. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ కింద ఉంది. ఫిల్మ్ సొసైటీలకు సినిమాలు అరువిచ్చే సంప్రదాయం ఆ ఆర్కైవ్‌కు ఉంది.

గది, తెర, శబ్దం

పదిమంది వరకు 50 అంగుళాల పైనున్న టీవీ చాలు. సెట్టింగుల్లో సినిమా మోడ్ పెట్టండి, కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. షార్ప్‌నెస్ ఎక్కువైతే పాత ప్రింటులోని గీతలు, మచ్చలు నటుల ముఖాలకన్నా ముందు కనిపిస్తాయి.

పాతికమంది దాటితే ప్రొజెక్టర్ కావాలి. వంద అంగుళాల 16:9 బొమ్మ వెడల్పు 2.21 మీటర్లు, అందులో 4:3 పాత సినిమా 1.66 మీటర్లే ఆక్రమిస్తుంది. వెనక వరుస ఎంత దూరంలో ఉందో ఈ రెండో లెక్కతో చూసుకోవాలి. త్రో రేషియో (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ను గోడకు 3.3 మీటర్ల దూరంలో పెడితే ఆ బొమ్మ వస్తుంది. చీకటి గదికి 3,000 ఆన్సీ ల్యూమెన్ల వెలుగు (ప్రామాణిక పద్ధతిలో కొలిచినది) సరిపోతుంది. పెట్టెమీద 'ఆన్సీ' అని లేకుండా వేలల్లో ల్యూమెన్లు రాసి ఉంటే ఆ అంకెను నమ్మకండి. దుప్పటి కట్టడంకన్నా మెరుపులేని తెల్ల సున్నపు గోడ మేలు. దుప్పటిలోంచి వెలుగు వెనక్కి పోతుంది, గాలికి ఊగుతుంది. నిగనిగలాడే పెయింటు గోడైతే నడిమధ్య వెలుగు మచ్చ పడుతుంది.

మాట వినపడకపోతే మాత్రం ఏ తెరా ఆదుకోదు. పాత సినిమాల శబ్దం మోనో, అంటే ఒకే ధార. టీవీలో సరౌండ్ మోడ్ ఆపండి, లేకపోతే మాటలు గదంతా చెదిరి ముద్దగా వినిపిస్తాయి. స్పీకర్లు తెరకు దగ్గరగా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో పెట్టండి. శబ్దం ఒక పక్కనుంచే వస్తే వీఎల్‌సీ ఆడియో మెనూలోని స్టీరియో మోడ్‌లో శబ్దమున్న పక్కను ఎంచుకుంటే రెండు స్పీకర్లలోనూ పలుకుతుంది. ఎండాకాలంలో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. పూర్తి వేగంలో తిరిగే రెండు ఫ్యాన్లు 1950ల నాటి సంభాషణను మింగేస్తాయి. గదిని సాయంత్రం నుంచే చల్లబరిచి, సినిమా మొదలయ్యాక ఫ్యాన్లు రెండో నంబరుకు దించండి. వెనక వరుసలో కూర్చుని ఒక మాటల సన్నివేశం, ఒక పాట విని చూడండి. మాటకు సరిపడా పెడితే పాట చెవులు చిల్లులు చేయకూడదు.

పాత తెలుగు సినిమాలు విశ్రాంతిని లెక్కపెట్టుకుని రాసుకున్నవి. 'విశ్రాంతి' కార్డు వచ్చేచోటే ఆపండి, టీ కాగిందని పది నిమిషాల ముందు ఆపొద్దు. 165 నిమిషాల సినిమా ఆరింటికి మొదలుపెడితే, విశ్రాంతి పదిహేను నిమిషాలు కలిపి తొమ్మిదింటికి అయిపోతుంది. మాట్లాడుకోవడానికి అరగంట మిగులుతుంది. ఏడింటికి మొదలైతే చర్చ ఉండదు, అందరూ చెప్పులు వేసుకుంటుంటారు. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి పెట్టుకోకండి.

తెలుగు రానివాళ్లు, విదేశాల్లో పెరిగిన పిల్లలు ఉంటే సబ్‌టైటిల్స్ కావాలి. ఎస్ఆర్‌టీ ఫైలుకు (సబ్‌టైటిల్స్ రాసి ఉండే ఫైలు) వీడియో పేరే పెట్టి పక్కనే ఉంచితే చాలు. తెలుగు లిపి అయితే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. మొదటినుంచీ ఒకే తేడా ఉంటే వీఎల్‌సీలో 'జీ', 'హెచ్' మీటలతో సర్దుకోవచ్చు. పోనుపోను తేడా పెరుగుతుంటే అది పైన చెప్పిన 24, 25 ఫ్రేముల గొడవే. అప్పుడు సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ప్రోగ్రాములో ఫ్రేము రేటు మార్చుకోవాలి. కొత్తగా మీరే రాస్తుంటే తెరమీద ఒకసారికి రెండు వరుసలు, వరుసకు 42 అక్షరాలు మించకూడదు. పాటలకు చరణం భావం చెబితే చాలు.

వరుస, ముందుమాట

మొదటి నెల హాస్యం. భానుమతి, అక్కినేని, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు నటించిన 'చక్రపాణి' (1954) దీనికి చక్కగా కుదురుతుంది. మునిమనవడు పుడితే తప్ప ఆస్తి ఇవ్వనని కూర్చున్న తాతా, లేని బిడ్డను చూపించాల్సిన చిక్కూ ఏ తరానికైనా నవ్వు తెప్పిస్తాయి. సంగీతం కూడా భానుమతిదే. రెండో నెలకు 'పూజాఫలం'. మూడో నెలకు 'సుడిగుండాలు', అప్పటికి మాట్లాడుకోవడం అలవాటవుతుంది, ఈ సినిమా తీర్పు మీద తప్పకుండా వాదన రేగుతుంది. నాలుగుకు 'షో'. ఐదుకు 'ఒక ఊరి కథ'. 'దాసి' ఆరో నెలకు.

'దాసి'ని చివరికి ఉంచడానికి కారణం ఉంది. గంటన్నర సినిమా, మాటలు తక్కువ. తెలంగాణ గడీలోని ఆడమనిషి బతుకును కెమెరా తొందరలేకుండా చూస్తుంది. గోడలు, గిన్నెలు, నడక, నీడ అన్నీ కథ చెబుతాయి. కెమెరా ఎ.కె. బీర్‌ది, కళాదర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠానిది, ఇద్దరికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఐదు సినిమాలు కలిసి చూసిన కళ్లకు ఆ నెమ్మది బలంగా తగులుతుంది. మొదటి నెలే పెడితే రెండో నెలకు సగంమంది రారు. చిన్నపిల్లల్ని తీసుకురావద్దని ముందే చెప్పండి.

ముందుమాట మూడు నిమిషాలు మించకూడదు. నాలుగు సంగతులు చెప్పండి: ఎప్పుడు ఎవరు తీశారు, ఎంతసేపు, ప్రింటులో లోపం ఏమిటి, ఏ అలవాటును పక్కన పెట్టి చూడాలి. నాలుగోది ముఖ్యం. 'సుడిగుండాలు'కు 'అక్కినేనిని హీరోగా వెతకకండి' అని, 'ఒక ఊరి కథ'కు 'తండ్రీకొడుకుల మీద జాలి కలగాలని సినిమా అడగదు' అని. కథ చెప్పొద్దు, పొగడొద్దు. 'అద్భుతం, ఏడ్చేస్తారు' అన్నారంటే ఎదుటివాళ్లు కన్నీళ్లు రాలేదేమిటా అని తమను తాము పరీక్షించుకుంటూ కూర్చుంటారు.

అయిపోయాక ఐదు నిమిషాలు ఎవరినీ అడగకండి. ఆ తర్వాత కూడా 'ఎలా ఉంది?' అనొద్దు, దానికి 'బాగుంది' అనే జవాబే వస్తుంది. 'ఏ సన్నివేశం తీసేసినా ఫర్వాలేదు?', 'ఎవరు తెరమీద ఉంటే మీ చూపు మిగతావాళ్ల మీదికి పోలేదు?', 'మధ్యలో ఫోను చూడాలనిపించింది ఎక్కడ?' లాంటివి అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్ని బట్టే వచ్చే సినిమాను ఎంచుకోవాలి. నచ్చలేదన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. సినిమా తెచ్చిన మనిషి అందరికన్నా ఆఖర్న మాట్లాడాలి, లేకపోతే మిగతావాళ్లు మొహమాటపడతారు.

ఫోనులో సిఫార్సు పంపేటప్పుడు

యాభై సినిమాల జాబితా ఎవరూ తెరవరు. ఒకటే పంపండి, అదీ శుక్రవారం సాయంత్రం. సినిమా ఫైలు పంపకండి, హక్కుదారులు పెట్టిన లింకు పంపండి. లింకుతో పాటు ఇలా రాస్తే సరిపోతుంది:

చివరకు మిగిలేది, 1960, దర్శకుడు గుత్తా రామినీడు. మానసిక చికిత్సాలయంలో నర్సుగా సావిత్రి. బుచ్చిబాబు నవలకు సంబంధం లేదు. నలుపు తెలుపు, బొమ్మ సాగి ఉంటే 4:3 పెట్టుకో. హిందీ 'ఖామోషీ' నచ్చితే ఇది తప్పక చూడు. మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుంది, ఆగు. ఒక్కడివే ఉన్నప్పుడు చూడు.

చివరి వాక్యం ఎవరికి పంపుతున్నారో వాళ్లను బట్టి మారాలి. అమ్మకు పంపేది 'నాన్నతో కలిసి చూడమ్మా' అని, చెల్లెలికి పంపేది 'పరీక్షలయ్యాక చూడు' అని. అందరికీ ఒకేలా పంపిన సందేశం గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద మునిగిపోతుంది.

బృందం తరఫున ఒక పట్టిక నిర్వహించండి. పేరు, సంవత్సరం, దర్శకుడు, సర్టిఫికెట్ పొడవు, మన ప్రింటు నిడివి, చట్రం సరిగా ఉందా, లేని పాటలు, ఎక్కడ దొరికింది, చూసిన తేదీ. లింకులు చెప్పాపెట్టకుండా మాయమవుతుంటాయి, కనుక ఆరునెలలకోసారి అన్నీ నొక్కి చూడాలి. పోయినవాటి ఎదురుగా ఆ తేదీ వేయండి. లేని పాటల గడిని ఖాళీగా వదలొద్దు. ఇంకో ఊళ్లో ఇంకొకరి దగ్గరున్న కాపీలో ఆ పాట ఉండొచ్చు, మీరు రాసి ఉంచితేనే వాళ్లు గుర్తుపట్టి చెబుతారు.